అమెరికా పల్లెపాట: పాత యెంత, కొత్త యెంత

గత మాసంలో మా కేంద్రం నుండి అమెరికా పల్లెపాటలను గూర్చి ఒక అరగంట కార్యక్రమం ప్రసారమైనది. అమెరికావారు కంట్రీ సంగీతమని వ్యవహరించే దానిలో మూడు కాలాలకు చెందిన మూడు రికార్డులు అందులో వినిపించినాము. మొదటిది 1927 నాటి కార్టర్ కుటుంబం పాట, రెండవది 1961 లో పాట్సీ క్లైన్ పాడినది, మూడవది ఈ మధ్యకాలపుది. తరువాత వారం ఒక శ్రోత దగ్గర నుండి ఉత్తరం వచ్చినది. మొదటి పాట ఎవరో ఇంటి అరుగుమీద కూర్చుండి పాడినట్లున్నదట. రెండవది పెద్ద హోటలులోను, మూడవది యంత్రశాలలోను పాడినట్లున్నవట. 'మూలాన్ని ఇంతగా పాడుచేసిన వారెవరు?' అని వారి ప్రశ్న.

కళాశాలలో చదువుకొనే రోజులలో నేను కూడ ఇట్లే తలచేవాడను. ఎక్కడో కొండలలో ఊటనీరు వంటి పాట ఒకటి ఉన్నదనీ, అది పట్నానికి దిగివచ్చి మురికిపట్టినదనీ ఒక చిత్రం మనస్సులో ఉండేది. ఇరువది యేండ్లు మైకు దగ్గర పనిచేసిన మీదట ఆ నమ్మకం చాలవరకు సడలినది. ఆ శ్రోత మెచ్చిన అరుగుమీది పాట సైతం అరుగుమీద పుట్టలేదు. ఒక వ్యాపారి గడియారం చూచుచుండగా, మైకు ముందు నిలిచి పాడినది అది.

అయినను మూలమంటూ ఒకటి లేకపోలేదు. పదునెనిమిదవ శతాబ్దంలో ఐర్లండు ఉత్తరభాగం నుండి, స్కాట్లండు, ఇంగ్లండుల నుండి వలస వచ్చిన బీదరైతులు అపలాచియన్ కొండలలో స్థిరపడినారు. వారి వెంట వచ్చిన ఆస్తి బహుకొద్ది. ఫిడేలు ఒకటి, నోటికి వచ్చిన కథాగేయాలు కొన్ని. ప్రభువుల కోటలు, మోసపోయిన కన్యలు, సముద్రంలో మునిగిన ఓడలు ఆ పాటలలోని సంగతులు. కోటగాని సముద్రంగాని కనుచూపు మేరలో లేని లోయలలో తల్లులు పిల్లలకు ఆ పాటలు నేర్పుతూనే వచ్చినారు. పక్కవాద్యం లేదు. పాడే గొంతులో భావప్రదర్శన కూడ ఉండేది కాదు. కత్తిపోటును, పెండ్లిని ఒకే తీరున పాడేవారు. పాట పది చరణాలైనను ఇరువది చరణాలైనను తొందర లేదు.

1916 నుండి 1918 వరకు సెసిల్ షార్ప్ అనే ఇంగ్లండు పండితుడు ఈ లోయలలో పలుమార్లు తిరిగి వందలకొలది పాటలు సేకరించినాడు. స్వరం ఆయన వ్రాసుకొనగా, సాహిత్యాన్ని సహాయకురాలు మాడ్ కార్ప్‌లెస్ సంక్షిప్తలిపిలో వ్రాసేది. ఆ శ్రమకు మనం ఋణపడి ఉన్నాము. కాని షార్ప్ వెదకినది ఇంగ్లండును, దొరికినదీ ఇంగ్లండే. ఫిడేలు నాట్యాల వైపు, బాంజో వైపు, ఆ కొండలలోనే నివసించే నల్లవారి వైపు ఆయన చూపు అంతగా పోలేదు. కొండపాట అంటే ఇంగ్లండు నుండి చెక్కుచెదరక వచ్చినదనే అభిప్రాయం ఇట్టి సేకరణల వలన బలపడినది.

బాంజో సంగతి కొంచెం వివరంగా చెప్పుకొనవలసినదే. నేడు ఆ వాద్యం మ్రోగగానే తెల్లవారి కొండపల్లె కండ్లకు కట్టుతుంది. కాని అది పడమటి ఆఫ్రికా నుండి బానిసలుగా కొనితేబడినవారి వాద్యం. మన తంబూరాకు వలెనే సొరబుర్ర కడుపు. దానిపై తోలు బిగించి, కఱ్ఱ మెడ తగిలించి, తంత్రులు కట్టేవారు. తరువాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ ఇది నల్లవారు ఆఫ్రికా నుండి తెచ్చిన వాద్యమని 1780 ప్రాంతాలలోనే వ్రాసినాడు. 1830 తరువాత, ముఖాలకు మసి పూసుకొని నల్లవారిని వెక్కిరించే తెల్లనటులు దీనిని రంగస్థలం మీదికి ఎక్కించినారు. అక్కడి నుండి అది ఊరూరా పాకినది. రైలుదారులు వేసే కూలీలు, గనులలో పనిచేసేవారు, రేవులలో బరువులు మోసేవారు ఒకరి పాట ఒకరు నేర్చుకొన్నారు. తెల్లవాని ఫిడేలు, నల్లవాని బాంజో ఒక్క నాట్యానికే కలిసి మ్రోగినవి. ఇక కంట్రీ పాటలో ఏడ్చినట్లు జారే ఆ గిటారు ఉన్నదే, అది హవాయి ద్వీపాలది. 1915 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శన తరువాత అమెరికా అంతటా వ్యాపించి, కొంతకాలానికి మన దేశపు వాద్యబృందాలలోకి కూడ వచ్చినది. గొంతు విరిచి పాడే యోడెల్ పద్ధతి ఆల్ప్సు పర్వతాలది. ఇన్ని కలిసినదానిని ఒక్క ఊట అనుట ఎట్లు?

ఈ కలగలుపును రెండు పళ్ళాలుగా విడదీసినది గ్రామఫోను వ్యాపారం. 1923 జూన్ మాసంలో రాల్ఫ్ పీర్ అనే ఆయన ఓకె కంపెనీ పక్షాన అట్లాంటా నగరానికి యంత్రాలు తీసుకొని వచ్చినాడు. స్థానిక వర్తకుని బలవంతం మీద ఫిడ్లిన్ జాన్ కార్సన్ అనే ముసలి ఫిడేలుగాని పాట ముద్రించవలసి వచ్చినది. ఆ గొంతు పీర్‌కు ఏమాత్రం నచ్చలేదు. ఆ వర్తకుడు కోరిన 500 ప్రతులను మాత్రం తయారుచేసి పంపినారు. అవి చూస్తూ ఉండగానే అమ్ముడుపోయినవి. కార్సన్ అంతకు ముందు సంవత్సరమే అట్లాంటా రేడియోలో వాయించి పేరు సంపాదించినాడని ఇక్కడ చెప్పుకొనాలి. రేడియో, రికార్డు మొదటి నుండి తోడికోడళ్ళు.

ఈ పాటలకు కొనుగోలుదారులున్నారని తెలిసిన మీదట కంపెనీలు జాబితాలు తయారుచేసినవి. నల్లవారు పాడినవి 'జాతి రికార్డులు'. తెల్లపల్లెవారు పాడినవి 'పాతకాలపు రాగాలు'. తరువాత వీటికే హిల్‌బిల్లీ అనే పేరు కూడ వచ్చినది. కొండమొరటు అని దాని భావం. ఒకే ఊరిలో, ఒకే రాగం వాయించే ఇరుగుపొరుగువారు రెండు వేరు వేరు పుస్తకాలలోకి ఎక్కినారు. నల్లవాడు ఫిడేలు పట్టుకొని వస్తే, నీవు బ్లూస్ పాడు అనేవారు. ఆనాటి ఈ లెక్కల పద్దును తరువాతి తరాలవారు సంప్రదాయమని భ్రమించినారు.

పీర్ 1927 జులై, ఆగస్టులలో విక్టర్ కంపెనీ కోసం బ్రిస్టల్ పట్నానికి వచ్చినాడు. ఆ ఊరి నడివీధి టెనెసీ, వర్జీనియా రాష్ట్రాలకు సరిహద్దు. టోపీల కంపెనీకి చెందిన ఒక భవనంలో యంత్రాలు అమర్చి, రెండు వారాలలో 19 బృందాల చేత 76 పాటలు పాడించినాడు. ఆల్విన్ కార్టర్, ఆయన భార్య సారా, మరదలు మేబెల్ వర్జీనియా కొండల నుండి మోటారులో వచ్చి పాడిపోయినారు. మేబెల్ అప్పుడు నిండుచూలాలు. మూడు రోజుల లోపుగానే, రైలుబండ్లలో బ్రేకుల పనిచేసి క్షయరోగంతో ఉద్యోగం మానుకొనిన జిమ్మీ రోజర్స్ వచ్చినాడు. కార్టర్ల పాటలో ఇల్లు, తల్లి, దేవాలయం. రోజర్స్ పాటలో రైలు, త్రాగుడు, తిరుగుడు. తరువాతి కంట్రీ పాటలన్నీ ఈ రెండు గూళ్ళ పిల్లలే అంటారు. నేనును కాదనను.

అయితే పీర్ పెట్టిన నియమం ఒకటి ఉన్నది. పాటకు 50 డాలర్ల రొక్కం, ఆపైన అమ్మకం మీద కొద్దిపాటి రాబడి. ఆ రాబడి రావాలంటే పాట మీద స్వామ్యహక్కు నమోదు కావాలి. అందరికీ తెలిసిన పాత పాటకు ఆ హక్కు రాదు. కనుక పాత పాటనైనను కొంత మార్చి కొత్తదిగా చేసుకొని రావాలి. కార్టర్ ఊరూరా తిరిగి పాటలు ఏరి, తన పేరుతో నమోదు చేసినాడు. ఆయన వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు వాద్యకుడు తిరిగేవాడు. సాహిత్యం కార్టర్ వ్రాసుకొనగా రాగాన్ని రిడిల్ జ్ఞాపకం ఉంచుకొని ఇంటికి తెచ్చి మేబెల్‌కు వాయించి చూపేవాడు. రికార్డుల మీద రిడిల్ పేరు లేదు. పాత పాటను మార్చితీరాలని శాసించినది, ఆ మార్చినదానినే పాతదిగా అమ్మినది ఆ ఒక్క వ్యాపారమే.

నిడివి సంగతి కూడ అంతే. పది అంగుళాల రికార్డు పట్టేది సుమారు మూడు నిమిషాలు. ఇరువది చరణాల కథాగేయం ఆరు చరణాలకు తగ్గినది. ఈ బాధ నాకు కొంత తెలుసు. ఒకసారి మా స్టూడియోకు ఒక పల్లె గాయకుడు వచ్చినాడు. రాత్రంతా సాగే కథ ఆయనది. మా దగ్గర ఉన్నది పదునాలుగు నిమిషాలు. 'ఎక్కడ ఆపమంటారు బాబూ?' అని అడిగినాడు. ఎఱ్ఱదీపం చూపించి, అది ఆరేలోపల అన్నాను. ఆయన నవ్వి, 'మా ఊళ్ళో కోడి కూసేలోపల అంటారు' అన్నాడు. పాట బాగానే వచ్చినది. ఉత్తరాలు కూడ వచ్చినవి. మరుసటి యేడు ఆయనను వారి ఊరిలోనే కలిసినప్పుడు చూచినాను. అక్కడ కూడ ఆ పదునాలుగు నిమిషాల పాఠమే పాడుతున్నాడు.

ఇక రేడియో చేసినది చూతాము. నాష్‌విల్ నగరంలో ఒక భీమా కంపెనీ 1925 అక్టోబరులో డబ్ల్యు.ఎస్.ఎమ్. అనే కేంద్రాన్ని ప్రారంభించినది. జార్జి హే అనే ప్రయోక్త ఆ సంవత్సరం నవంబరు 28 న 77 యేండ్ల జిమ్మీ థాంప్సన్ చేత ఫిడేలు వాయింపించినాడు. శ్రోతల నుండి ఉత్తరాలు వెల్లువగా వచ్చినవి. దానితో శనివారం రాత్రి కార్యక్రమం స్థిరపడినది. అప్పుడు వాయించినవారిలో హంఫ్రీ బేట్ అనే ఆయన వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొనిన వైద్యుడు. ఆయన బృందం మొదటి ఛాయాచిత్రాలలో కోట్లు తొడిగి కనబడుతుంది. హే వారికి పల్లెటూరి వేటగాండ్ల పేరు తగిలించి, రైతుల పనిబట్టలు తొడిగించి, పొలం గట్టున నిలబెట్టి చిత్రం తీయించినాడు. పల్లెను పల్లెవలె కనుపింపజేయుటకు రేడియో వేషం కట్టవలసి వచ్చినది.

1927 డిసెంబరులో ఒక శనివారం, వాల్టర్ డామ్రాష్ నిర్వహించే శాస్త్రీయ సంగీత కార్యక్రమం ముగియగానే హే వంతు వచ్చినది. శాస్త్రీయ సంగీతంలో యథార్థచిత్రణకు చోటు తక్కువని డామ్రాష్ అంతకుముందే అన్నాడట. హే వెంటనే డిఫోర్డ్ బెయిలీ అనే యువకుని చేత మౌతార్గన్ మీద రైలుబండి పరుగును వాయింపించి, మీరు ఇంతవరకు గ్రాండ్ ఆపెరా విన్నారు, ఇక మాది గ్రాండ్ ఓల్ ఆప్రీ అన్నాడు. ఆ పేరే నిలిచినది. ఆ పేరు పుట్టినప్పుడు మైకు ముందున్న బెయిలీ నల్లవాడు. బాల్యంలో పోలియో సోకి పొట్టిగా మిగిలినవాడు. ఆప్రీ తొలినాళ్ళలో ఆయనంత తరచుగా వినబడినవారు లేరు. 1928 లో నాష్‌విల్‌లో జరిగిన మొదటి ధ్వనిముద్రణలలో ఆయన వాద్యం ఉన్నది. శ్రోతలకు గొంతేగాని రంగు కనబడదు గదా. బృందాలు ఊళ్ళకు పోయినప్పుడు జనం బెయిలీ పేరు విని వచ్చేవారు. తోటి గాయకులు దిగిన హోటళ్ళలో మాత్రం ఆయనకు గది ఇచ్చేవారు కారు.

1941 లో అమెరికా రేడియో కేంద్రాలకు, పాటల హక్కుల సంఘమైన ఆస్కాప్‌కు రుసుముల తగాదా వచ్చినది. ఆ సంఘంలో నమోదైన పాటలు ప్రసారం చేయరాదని కేంద్రాలు పట్టుపట్టినవి. శ్రోతలు కోరే బెయిలీ పాటలు ఆ జాబితాలోనివి. ఆ సంవత్సరమే ఆయనను ఉద్యోగం నుండి తొలగించినారు. కొత్తవి నేర్చుకొనలేదు, సోమరి అని హే తరువాత వ్రాసినాడు. ఇన్నేండ్లు ఆ పాటలే వాయించమని అడిగినది మీరే గదా అని బెయిలీ జవాబు. ఆయన బూట్లకు పాలిషు వేసే దుకాణం పెట్టుకొని బ్రతికినాడు. అదే తగాదాలో కేంద్రాలు నెలకొల్పుకొనిన బి.ఎమ్.ఐ. అనే కొత్త సంఘం వలన తెల్లజాతి పల్లె రచయితలకు మొదటిసారిగా సరియైన రాబడి దొరికినది. నాష్‌విల్ పాటల వ్యాపారం దానిమీదనే లేచినది.

ఇది దూరదేశపు సంగతియని మేము తప్పుకొనుటకు వీలులేదు. మన పద్యనాటకానికి, భజనకు ప్రాణమైన హార్మోనియంను అఖిలభారత రేడియో 1940 లో ప్రసారాల నుండి బహిష్కరించినది. 1971 వరకు ఆ నిషేధం సడలలేదు. అది భారతీయం కాదని కారణం. ఆ ముప్పది యేండ్లూ ఫిడేలు మాత్రం నిరభ్యంతరంగా మ్రోగుతూనే ఉన్నది!

తరువాతి మార్పులు త్వరత్వరగా వచ్చినవి. 1930 తరువాత సినిమాలలో జీన్ ఆట్రీ పాడే కౌబాయి అయినాడు. దానితో కొండపాటకు పశ్చిమ మైదానాల టోపీ, బూట్లు వచ్చినవి. టెక్సాసులో బాబ్ విల్స్ ఫిడేళ్ళ పక్కన జాజ్ వాద్యాలు, డ్రమ్ములు చేర్చినాడు. త్రాగుడు దుకాణాల సందడిలో వినబడుటకు గిటారుకు విద్యుత్తు తగిలించినారు. అందరూ అతిపురాతనమని భావించే బ్లూగ్రాస్ పద్ధతి కూడ బిల్ మన్రో బృందంలో ఎర్ల్ స్క్రగ్స్ బాంజో చేరిన 1945 లో రూపుకట్టినదే. మన టాకీలకంటె చిన్నది. అలబామాలో రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధిగాయకుని దగ్గర గిటారు నేర్చిన హాంక్ విలియమ్స్ మాటకు మాట పెంచక, సామాన్యుని దుఃఖాన్ని సామాన్యమైన మాటలతో పాడి, 29 యేండ్లకే 1953 జనవరి 1 న కన్నుమూసినాడు. ఈ పాటకు అంతటి కవి మరల రాలేదని నా అభిప్రాయం. అప్పటికి బిల్‌బోర్డ్ పత్రిక 1949 లో హిల్‌బిల్లీ వంటి పేర్లు మాని, కంట్రీ అండ్ వెస్టర్న్ అనే పేరు స్థిరపరచినది.

1955 ప్రాంతంలో రాక్ అండ్ రోల్ వచ్చి కంట్రీ గాయకుల శ్రోతలను ఊడ్చుకొనిపోయినది. 1961 నాటికి రోజంతా కంట్రీ పాటలే వేసే కేంద్రాలు దేశమంతటా సుమారు 80 మాత్రమే. అప్పుడు నాష్‌విల్‌లో చెట్ ఆట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ అనే ఇద్దరు ప్రయోక్తలు ఫిడేలును, ఏడుపు గిటారును వెనుకకు నెట్టి, వయొలిన్ల బృందాన్ని, మెత్తని కోరసును ముందుకు తెచ్చినారు. పాట్సీ క్లైన్, జిమ్ రీవ్స్ పాటలు ఈ అచ్చులో పోసినవే. జిమ్ రీవ్స్ గొంతు మన దేశంలో కూడ ఎందరి ఇండ్లలోనో వినబడినది. అది పల్లెపాట అని వారిలో చాలమందికి తోచి ఉండదు. నాష్‌విల్ ధ్వని అంటే ఏమిటని అడిగితే ఆట్కిన్స్ జేబులోని చిల్లర గలగలలాడించేవాడట. ఆ దశాబ్దం ముగిసేసరికి కేంద్రాలు 600 దాటినవి. శ్రోత నిందించిన ఆ హోటలు పాటయే లేకపోతే ఆయన మెచ్చిన అరుగుపాటను వినిపించుటకు రేడియో మిగిలి ఉండేదో లేదో!

దీనికి ఎదురుతిరిగినవారు లేకపోలేదు. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో, ఓక్లహామా నుండి కరవుకు వలస వచ్చినవారి మధ్య పెరిగిన మెర్ల్ హాగర్డ్, బక్ ఓవెన్స్‌తో పాటు గరుకైన విద్యుద్గిటారును నిలబెట్టినాడు. విల్లీ నెల్సన్, వేలన్ జెన్నింగ్స్ ప్రయోక్తల పెత్తనం త్రోసివేసినారు. వారి పాటలు చేరిన సంకలనం 1976 లో పది లక్షల అమ్మకం గుర్తింపు పొందిన మొదటి కంట్రీ ఆల్బం అయినది. తిరుగుబాటు కూడ మంచి సరకేనని కంపెనీలకు అర్థమైనది.

ఇటీవలి కాలాన్ని గూర్చి నాకు ఫిర్యాదున్నది. అది విద్యుద్గిటారు మీద కాదు. 1996 నాటి చట్టం ఒక్క కంపెనీ ఎన్ని రేడియో కేంద్రాలనైనను కొనుటకు దారి తెరచినది. ఏ పాట వేయవలెనో ఊరిలోని ప్రయోక్త గాక, దూరాన ఉన్న కార్యాలయం నిర్ణయించే రోజులు వచ్చినవి. 2015 లో ఒక రేడియో సలహాదారు, కంట్రీ పాటల వరుసలో స్త్రీల గొంతులు టమాటో ముక్కల వలె అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే చాలునన్నాడు. సారా, మేబెల్‌ల గొంతుతో మొదలైన సంగీతాన్ని గూర్చి ఆ మాట! 2019 లో లిల్ నాస్ ఎక్స్ అనే నల్లజాతి యువకుని పాటను అది కంట్రీ కాదని బిల్‌బోర్డ్ తన కంట్రీ పట్టిక నుండి తీసివేసినది. ఆ పాట సర్వసాధారణ పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచినది. 2024 లో బియాన్సే కంట్రీ పట్టిక శిఖరం చేరిన మొదటి నల్లజాతి స్త్రీ అయినది. ఆ పాటలో బాంజో వాయించినది ఆ వాద్యపు ఆఫ్రికా చరిత్రను ఏండ్ల తరబడి వెలికితీస్తూ వచ్చిన రియానన్ గిడెన్స్.

శ్రోతగారి బాధ నిష్కారణమని నేను అనను. పోయినది కొంత ఉన్నది. పక్కవాద్యం లేని గొంతు, ఇరువది చరణాల ఓపిక, పాడేవాడెవరో వినేవాడెవరో తెలియకుండ కలిసిపోయిన పొరుగు పోయినవి. అవి 1961 లోనో, నిన్ననో పోలేదు. ఆయనకు నచ్చిన ఆ మొదటి రికార్డు తిరుగునాటికే వెళ్ళిపోతూ ఉన్నవి.

డబ్ల్యు.ఎస్.ఎమ్. నుండి ఆప్రీ ఇప్పటికి కూడ శనివారం రాత్రి వినవచ్చును. 2025 నవంబరుతో దానికి నూరేండ్లు నిండినవి. బెయిలీ 1974 లో తన 75 వ పుట్టినరోజున ఆ వేదిక మీద మరల వాయించినాడు. 1982 లో మరణించినాడు. కంట్రీ సంగీత ప్రముఖుల పట్టికలో ఆయన పేరు చేరుటకు 2005 దాకా పట్టినది. వచ్చే శనివారం పాశ్చాత్య సంగీత కార్యక్రమంలో, కార్టర్ కుటుంబం పాటకు తరువాత, ఆయన వాయించిన రైలుబండిని వినిపించదలచినాము. మూడు నిమిషాలలోపే. ఉత్తరం వ్రాసిన శ్రోత ఆ వేళకు రేడియో దగ్గర ఉండవలసినదిగా ప్రార్థన.